చర్చ: శిక్షణ సభలతో నీళ్లు బాగుపడతాయా, నిబంధనలు పెట్టాల్సిందేనా?

గట్టుమీద:
నేల, నీటి సంరక్షణ మీద రైతులకు శిక్షణ ఇచ్చే పనిలో తొమ్మిదేళ్లుగా ఉన్నాను. ఈమధ్య ఒక సమీక్షలో ఏడాది నివేదిక చదివారు. ఎన్ని సభలు జరిగాయి, ఎంతమంది వచ్చారు, ఎన్ని కరపత్రాలు పంచాం, అన్నీ ఉన్నాయి. ఆ పొలాల నీళ్లు చేరే కాలవలో నైట్రేట్, అంటే ఎరువుల నత్రజని నీళ్లలో కరిగే రూపం, తగ్గిందా పెరిగిందా అని అడిగాను. ఎవరి దగ్గరా లెక్క లేదు. ఆ రోజు నుంచి మనసు కుదురుగా లేదు. మనం చేస్తున్నదాని వల్ల నీళ్లకు ఏమైనా మేలు జరుగుతోందా? లేక శిక్షణలు ఆపేసి, ఎరువుల మీద, కాలవ గట్ల మీద గట్టి నిబంధనలు పెట్టడమే దారా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

దిగువనీరు:
నిబంధనలే. మేం కాలవకు దిగువన ఉంటాం. మా బావి నీళ్లు పరీక్ష చేయిస్తే లీటరుకు 70 మిల్లీగ్రాములు దాటి నైట్రేట్ వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పరిమితి 50. చంటిపిల్లల రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తి తగ్గిపోతుందనే ఆ పరిమితి పెట్టారు. మరిగిస్తే నైట్రేట్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఇంట్లో పసిపాప ఉన్నప్పుడు ఎంత టెన్షన్ పడ్డామో మాకే తెలుసు. ఎగువ రైతులు ఇష్టపడి మారేదాకా ఆగమంటే ఎన్నేళ్లు ఆగాలి?

మోళ్లు_దున్నను:
దిగువనీరు గారూ, మీ బాధ అర్థమైంది. ఎగువన ఉన్న రైతుగా నా మాట కూడా వినండి. కాలవ వెంట ఆరు మీటర్లు గడ్డి పట్టీ వదలమని మాకు ఒక సభలో చెప్పారు. మంచిదే. కానీ ఆ ఆరు మీటర్లలో పండే పంట నాది, పోయేదీ నాదే. బాగుపడేది మీ నీళ్లు. పైగా ఆ చెక్క నాకు కౌలు. వచ్చే ఏడు నా చేతిలో ఉంటుందో లేదో తెలియని భూమిలో పదేళ్లకు ఫలితమిచ్చే పని ఎవరు చేస్తారు? అది తెలియక ఆగిన పని కాదు, గిట్టక ఆగిన పని. ఇంకో పది సభలు పెట్టినా ఆ లెక్క మారదు.

అయినా నేను దున్నడం మానేసింది ఒక శిక్షణ చూసే. రెండు ట్రేలలో ఒకే పొలం మట్టి పోశారు. ఒకదాని మీద పంట మోళ్లు పరిచారు, ఇంకోదాన్ని దున్నినట్టు వదిలేశారు. పైనుంచి రెండింటి మీదా ఒకేలా వాన కురిపించారు. ఒక్కో ట్రేకీ రెండు సీసాలు, పైన పారిన నీటికి ఒకటి, కిందికి ఇంకిన నీటికి ఒకటి. దున్నిన మట్టి పక్కన పై సీసా గబగబా ఎర్రటి బురదతో నిండింది, కింది సీసా ఖాళీ. మోళ్లున్న ట్రేలో కింది సీసా నిండింది, పై సీసాలో అడుగున కాసిని తేటనీళ్లు. దున్నిన ట్రేలో వేలు పెట్టి చూశాను. అంత నీళ్లు పోసినా పైపొర కింద మట్టి పొడిగానే ఉంది. ఆ మట్టి నా పొలంలోదే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మట్టిపరీక్ష:
మోళ్లు_దున్నను గారు చెప్పిన ఆ సీసాలో ఏముందో లెక్కేయండి. ఒక్క మిల్లీమీటరు మందం పైమట్టి పోతే హెక్టారుకు సుమారు 13 టన్నులు. కంటికి ఆనదు. దానితో పాటే భాస్వరం పోతుంది. కిలో భాస్వరం నీళ్లలో వందల కిలోల నాచుకు చాలు.

ఇక్కడే చాలా శిక్షణలు తప్పుతున్నాయి. భాస్వరం ఎక్కువగా మట్టి రేణువును పట్టుకుని పైపైన కొట్టుకుపోతుంది. నైట్రేట్ నీళ్లలో కరిగి కిందికి దిగుతుంది. గడ్డి పట్టీ మట్టిని ఆపుతుంది. అదే పొలం కింద, నేలలో ఎక్కువైన నీటిని బయటికి పంపే మురుగు గొట్టాలు వేసి ఉంటే, నైట్రేట్ ఆ పట్టీ కిందుగా నేరుగా కాలవలోకి పోతుంది. అక్కడ కావాల్సింది పంటకూ పంటకూ మధ్య నేలను ఖాళీగా ఉంచకుండా ఏదో ఒక పైరు వేయడం, నత్రజనిని విడతలుగా వెయ్యడం.

దున్నకపోవడానికీ ఒక మెలిక ఉంది. ఏళ్ల తరబడి ఎరువు పైనే చల్లుతూ పోతే భాస్వరం పై ఐదు సెంటీమీటర్లలో పేరుకుంటుంది, వానకు కరిగిన రూపంలో పోతుంది. ఉత్తర అమెరికాలోని ఎరీ సరస్సులో నాచు పెరగడానికి శాస్త్రవేత్తలు ఎత్తిచూపిన కారణాల్లో అదొకటి. 2014 ఆగస్టులో ఆ సరస్సు నాచు విషం వల్ల అమెరికాలోని టొలీడో నగరంలో లక్షల మంది రెండు మూడు రోజులు కొళాయి నీళ్లు ముట్టలేదు. ఎరువును విత్తనం పక్కన, నేల లోపల పెట్టాలన్న ఒక్క మాట కూడా చెప్పకుండా ‘దున్నకండి’ అని పంపితే అది సగం శిక్షణే.

గట్టుమీద:
ఆ సగం శిక్షణ ఇచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. ఎరువు ఎక్కడ పెట్టాలో మా సభల్లో ఎప్పుడూ గట్టిగా చెప్పలేదు.

రెండువైపులా:
నిబంధనలా, శిక్షణలా అని విడదీయడమే తప్పనిపిస్తోంది. డెన్మార్క్ 1987లో నీటి కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. పశువుల ఎరువు నిల్వకు తొట్లు, పంటవారీగా నత్రజని కోటా, అన్నీ చట్టంతోనే. 2000ల తొలినాళ్లకు పొలాల నుంచి దిగే నైట్రేట్ దాదాపు సగానికి తగ్గింది. కోటా ఎలా సరిపెట్టుకోవాలో రైతు పక్కన కూర్చుని లెక్కలు వేసిన సలహాదారులు లేకపోతే ఆ చట్టం కాగితం మీదే ఉండేది.

న్యూయార్క్ నగరం ఇంకో దారి పట్టింది. నీళ్లు వచ్చే కొండప్రాంతపు రైతులతో 1990లలో ఒప్పందానికి వచ్చింది. చేరడం రైతు ఇష్టం, ప్రణాళిక ఒక్కో పొలానికి విడిగా, ఖర్చు నగరానిది. ఐదేళ్లలో 85 శాతం మంది చేరాలని పెట్టుకున్న లక్ష్యాన్ని దాటారు. వందల కోట్ల డాలర్ల వడపోత కేంద్రం కట్టే అవసరం తప్పింది. అంటే మోళ్లు_దున్నను గారి ఆరు మీటర్లకు దిగువవాళ్లు డబ్బు కట్టారన్నమాట.

దిగువనీరు:
అంటే నీళ్లు పాడైన మేమే డబ్బు కూడా కట్టాలా? నాకు మింగుడుపడటం లేదు. పంటకు అవసరమైనదానికంటే ఎక్కువ ఎరువు వెయ్యకూడదన్నది నిబంధనగా ఉండాలి, దానికి నేనెందుకు ఇవ్వాలి? గడ్డి పట్టీకి వదిలిన భూమికైతే సరే, ఒప్పుకుంటాను.

మోళ్లు_దున్నను:
ఆ తేడా న్యాయమే. ఎక్కువ వేసిన ఎరువు నాకూ దండగే.

మట్టిపరీక్ష:
నీళ్లలో నైట్రేట్ కొలవాలన్న గట్టుమీద గారి మాటకు ఒక జాగ్రత్త. భూగర్భ జలం నెమ్మదిగా కదులుతుంది. ఇవాళ రైతు మారినా బావిలో తేడా కనిపించడానికి ఏళ్లు, కొన్నిచోట్ల దశాబ్దాలు పడుతుంది. బావి లెక్క ఒక్కటే చూస్తే మంచి పని చేసినవాళ్లు కూడా విఫలమైనట్టు కనిపిస్తారు. కోత తర్వాత నేలలో మిగిలిన నైట్రేట్, మురుగు గొట్టం నోటి దగ్గర నీళ్లు, ఈ రెండూ త్వరగా కబురు చెబుతాయి.

గట్టుమీద:
ఇది నాకు పనికొచ్చే మాట. వచ్చే సభ హాల్లో పెట్టను. తొలి పెద్ద వాన పడ్డ మర్నాడు పొలంలో పెడతాను. నీళ్లలో ముంచితే రంగును బట్టి నైట్రేట్ ఎంతో చెప్పే పరీక్ష పట్టీలు ఒక్కొక్కరి చేతికీ ఇస్తాను, ఎవరి గొట్టం నోటి నీళ్లలో వాళ్లే ముంచి రంగు చూస్తారు. హాజరు పుస్తకంలో సంతకం పక్కన ఆ అంకె రాయిస్తాను, వచ్చే ఏడు అదే గొట్టం దగ్గర మళ్లీ. దిగువనీరు గారూ, మీరూ మీ బావి నీళ్లు సీసాలో పట్టుకుని రాగలరా? ఎగువవాళ్లు ఆ రంగు కూడా పక్కపక్కనే చూడాలి.

దిగువనీరు:
వస్తాను. పాపను కూడా తెస్తాను.