పిల్లల సైనస్‌కి యాంటీబయాటిక్ పట్టాలా?

గాజువాక నుంచి: బాబుకి ఐదేళ్లు. ఆరు రోజులుగా ముక్కుదిబ్బడ, పచ్చటి చీమిడి, దగ్గు. జ్వరం రెండో రోజుకే పోయింది. మందుల షాపులో అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తామంటున్నారు. పట్టొచ్చాండీ?

జవాబు: ఇప్పుడే వద్దండీ. మామూలు జలుబులోనూ చీమిడి పచ్చబడుతుంది, రంగుని నమ్మకండి. పది రోజులు దాటినా తగ్గకపోతే, తగ్గుతూ వచ్చి తిరగబెడితే, లేదా 102.2 డిగ్రీల జ్వరం, చిక్కటి చీమిడి కలిసి వరసగా మూడు రోజులుంటే బ్యాక్టీరియా వల్ల వచ్చిన సైనస్ అని అనుమానిస్తారు. వీటిలో మొదటిదానికి, అంటే పది రోజులు దాటినదానికి, డాక్టరు ఇంకో మూడు రోజులు ఆగుదామన్నా తప్పు కాదు. ఎక్స్‌రే దండగ.

ఇంకో జవాబు: ఈలోగా నిద్రకి ముందు ముక్కులో సెలైన్ (ఉప్పునీటి) చుక్కలు వెయ్యండి. మరిగే నీళ్ల ఆవిరి మాత్రం వద్దు, ఒళ్లు కాలుతుంది.

మరొకరు: డాక్టరు రాస్తే డోసు బరువుని బట్టే. మందు పొడి ఉన్న సీసాలో కాచి చల్లార్చిన నీళ్లు గీత దాకా పోసి కుదపండి. నురగ దిగాక మట్టం తగ్గితే మళ్లీ గీత దాకా పొయ్యాలి. నురగ చూసి ఆపేస్తే మందు చిక్కనై డోసు ఎక్కువైపోతుంది. వంటింటి చెంచా కాదు, సిరంజితో కొలవండి. మూడు రోజులకీ గుణం లేకపోతే మళ్లీ చూపించండి.

మొదటి జవాబిచ్చినాయనే: కంటిచుట్టూ వాచినా, తలనొప్పితో వాంతులైనా తెల్లారేదాకా ఆగొద్దు. విశాఖ కేజీహెచ్‌కో (కింగ్ జార్జ్ ఆసుపత్రి), దగ్గర్లోని ఎమర్జెన్సీకో వెళ్లిపోండి.