పిల్లల పియానో సాయంత్రం: ఈసారి కాలం వరసలో వాయిద్దాం, వాలంటీర్లు కావాలి

సాంస్కృతిక విభాగం:
అందరికీ నమస్కారమండీ. మన న్యూజెర్సీ పిల్లల పియానో సాయంత్రానికి నవంబర్ రెండో శనివారం సాయంత్రం 4 నుంచి 7 దాకా హాలు ఖాయమైంది. 14 మంది పిల్లలు పేర్లిచ్చారు. చిన్నవాళ్ళు ముందు, పెద్దవాళ్ళు తర్వాత అనే పాత పద్ధతి మానేసి, ఆ సంగీతం పుట్టిన వరసలో వాయిస్తే బాగుంటుందని నా కోరిక.

మొన్న ఉగాదికి జరిగింది నేనింకా మర్చిపోలేదు. ఎనిమిదో తరగతి పాప బీథోవెన్ మూన్‌లైట్ సొనాటా (పియానోకి రాసిన, కొన్ని భాగాలున్న రచన) ఎత్తుకుంది. మన కీబోర్డుకి 61 మెట్లే (వేళ్ళతో నొక్కే కీలు). రెండో బార్‌లోనే (బార్ అంటే మన తాళంలో ఒక ఆవర్తం లాంటిది) ఎడమ చెయ్యి ఒక మెట్టు కిందికి దిగాలి, అక్కడ మెట్టు లేదు. పాప చిటికెన వేలు పక్కనున్న ప్లాస్టిక్ మీద పడింది. ఆగి, నా వైపు చూసి, మళ్ళీ మొదలుపెట్టింది. పాప తప్పేం లేదు, వాయిద్యం చూసుకోవాల్సింది మేము. 1801లో ఆ సొనాటా రాసేనాటికి అక్కడి పియానోలకీ మామూలుగా 61 మెట్లే ఉండేవి, కాకపోతే ఎడమ వైపు మన కీబోర్డు కన్నా ఇంకా కిందనుంచి మొదలయ్యేవి. వాయిద్యం ఎంత ఇస్తే సంగీతం అంత పెరిగింది. పిల్లలు ఇది చెవులతో వినాలి.

అందుకే ముందు బాఖ్. 1722 నాటి సి మేజర్ ప్రెల్యూడ్‌ని (చిన్న రచన) కీబోర్డులో హార్ప్సికార్డ్ అనే పాత వాయిద్యం శబ్దం పెట్టి, టచ్ (నొక్కే బలాన్ని బట్టి మోత మారే ఏర్పాటు) ఆపేసి వాయించాలి. హార్ప్సికార్డ్‌లో తీగని మీటుతారు కాబట్టి గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా ఒకటే మోత. వెంటనే అది వాయించిన పాపే లేచి, నాలుగడుగులు వేసి, అసలు పియానో ముందు కూర్చుని అదే ముక్క వాయిస్తుంది. 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లారెన్స్‌లో వాయిద్యాలు చేసే క్రిస్టోఫోరి తీగని మీటకుండా చిన్న సుత్తితో కొట్టించాడు. ఆ తేడా ఏంటో మాటల్లో చెప్పక్కర్లేదు, హాలంతా వింటుంది.

తర్వాత మొజార్ట్ 1788 సి మేజర్ సొనాటా, మూన్‌లైట్, ఆ తర్వాతి స్వరకర్తలు షోపాన్, షూమన్, సాటీ, బార్తోక్. నిజమైన 88 మెట్ల పియానో లేకపోతే ఈ కార్యక్రమం చెయ్యొద్దనే అంటాను.

సౌండ్ విభాగం:
అక్కా, హాల్లో ఉన్న పియానో చూసొచ్చాను. మెట్లన్నీ పలుకుతున్నాయి, పైన మూడు శ్రుతి తప్పాయి. ట్యూనర్‌ని గురువారానికి పిలిచాను. ఆ తర్వాత దాన్ని ఎవరూ జరపొద్దు. మైకులు పెట్టాలా?

సాంస్కృతిక విభాగం:
పియానోకి వద్దు తమ్ముడూ, మాట్లాడేవాళ్ళకి ఒకటి చాలు. మూన్‌లైట్ మొదటి భాగం మొత్తం డ్యాంపర్లు (తీగ మోతని ఆపే మెత్తలు, పెడల్ తొక్కితే లేస్తాయి) ఎత్తి ఉంచి వాయించమని బీథోవెన్ రాశాడు. ఆనాటి పియానోలో మోత త్వరగా ఆరిపోయేది కాబట్టి చెల్లింది. ఇప్పటి పియానోలో అలా చేస్తే స్వరాలన్నీ కలిసి ముద్దైపోతాయి. పాప ముందు నాలుగు బార్లు పెడల్ వదలకుండా వాయించి చూపిస్తుంది, తర్వాత మామూలుగా. మైకు పెడితే ఆ తేడా పాడైపోతుంది.

ఒక అబ్బాయి తల్లి:
మావాడికి సినిమా పాటలు తప్ప రావండీ. వాడిని తీసేస్తారా? ఇప్పటికే టెన్షన్ పడుతున్నాడు.

సాంస్కృతిక విభాగం:
ఎందుకు తీసేస్తామండీ! షోపాన్ 1839లో అచ్చేసిన 24 ప్రెల్యూడ్లలో ఏడోది మొత్తం 16 బార్లే, నిమిషం కూడా పట్టదు, బాబుకి అది నేర్పుతాను. పన్నెండో బార్‌లో చెయ్యి అందకపోతే స్వరాలు విడగొట్టి వాయించొచ్చు. ఆదివారాలు మా ఇంటికి పంపండి, నేను కూర్చోబెడతాను. పుస్తకం చూసి వాయించినా ఫర్వాలేదు. పేరున్న పియానో కళాకారిణి క్లారా షూమన్ చిన్న వయసులో పుస్తకం లేకుండా వాయిస్తే గర్వం అన్నవాళ్ళున్నారు. చూసి వాయించడం ఆ రోజుల్లో మర్యాదే.

కూచిపూడి నేర్పే అక్క:
మా పిల్లలకి ఏమైనా పని ఉందా?

సాంస్కృతిక విభాగం:
ఉంది అక్కా, చాలా ముఖ్యమైనది. అమెరికా స్వరకర్త జాన్ కేజ్ పియానో తీగల మధ్య బోల్టులు, మరలు, రబ్బరు ముక్కలు పెట్టి 1946–48లో సొనాటాలు, ఇంటర్‌లూడ్లు రాశాడు. భారతీయ సంగీతం గురించి ఆయనకి చెప్పినావిడ గీతా సారాభాయ్. ఆ రచనలో తొమ్మిది రసాల్ని పలికించాలని చూశాడు. అద్దె హాలు పియానోలో మరలు పెట్టలేం కాబట్టి ఒక భాగం రికార్డింగ్ వేస్తాం. అప్పుడు మీ పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో రసం ముఖంలో చూపిస్తే అమ్మమ్మలు, తాతయ్యలు కూడా పియానోతో కలుస్తారు.

వ్యాఖ్యానం చెప్పేవాళ్ళకి ఒక మాట. బీథోవెన్ దగ్గరికి రాగానే "ఈయన మన త్యాగయ్య గారికన్నా మూడేళ్ళు చిన్న" అనండి. ఒకరు 1767, ఒకరు 1770. పెద్దవాళ్ళకి కాలం వెంటనే అందుతుంది. మూన్‌లైట్ అనే పేరు బీథోవెన్ పెట్టింది కాదు, ఆయన పోయాక వచ్చింది. ఫ్లయర్ మీద చందమామ వెయ్యకండి, ప్లీజ్.

వంటల విభాగం:
పులిహోర, దద్దోజనం 7 తర్వాతే. స్టీలు గరిటెలు చప్పుడు చేస్తాయని మధ్యలో పెట్టడం లేదు.

సాంస్కృతిక విభాగం:
చాలా థాంక్స్ వదినా. ఇంకా కావలసినవాళ్ళు: పుస్తకం పేజీ తిప్పడానికి ఇద్దరు (స్వరలిపి చదవడం రావాలి), చిన్నపిల్లల కాళ్ళ కింద పీట వేసి తీయడానికి ఒకరు. పీట లేకపోతే ఆరేళ్ళ పిల్లల కాళ్ళు వేలాడి, వాళ్ళ భుజాలు బిగుసుకుంటాయి. నేను గమనించాను.

అక్టోబర్‌లో ఒక శనివారం పిల్లల్ని న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంకి తీసుకెళ్దాం. క్రిస్టోఫోరి చేతి పియానోలు మూడే మిగిలాయి. వాటిలో అన్నిటికన్నా పాతది, 1720 నాటిది, అక్కడుంది. దానికి 54 మెట్లు, పిల్లలచేత లెక్కపెట్టిద్దాం. వెళ్ళే ముందు ఆ గది తెరిచి ఉంటుందో లేదో ఎవరైనా ఫోన్ చేసి కనుక్కోండి. మన న్యూజెర్సీ వైపు నుంచి రెండు వ్యాన్లు చాలు. నడిపేవాళ్ళు కింద రాయండి.

సౌండ్ విభాగం:
ఒక వ్యాన్ నాది అక్కా. ఏడుగురు పడతారు.