మాంచెస్టర్‌లో మగ్గం మనిషికి ఏం చూపించాలి?

బరంపురం అమ్మాయి:
జూన్‌లో నాన్నగారు మాంచెస్టర్ వెళ్తున్నారు, తమ్ముడి దగ్గరికి. నలభై ఏళ్లు గుంట మగ్గంలో కూర్చుని బరంపురం పట్టు నేసిన మనిషి. తమ్ముడేమో ఫుట్‌బాల్ స్టేడియం చూపిస్తానంటున్నాడు. ఈయనకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేరు. ఏం చూస్తే ఆయన మనసు నిండుతుంది?

గుణుపురం కోడలు:
స్టేడియం మానెయ్యమను చెల్లీ. నిరుడు మా మామగారిని తిప్పాను, ఆయనా నేతపనివారే. ముందు మాంచెస్టర్ పక్కనున్న స్టయల్ పల్లెలోని క్వారీ బ్యాంక్ మిల్లుకి తీసుకెళ్లమను. 1784లో శామ్యూల్ గ్రెగ్ పెట్టిన నూలు మిల్లు, బోలిన్ ఏటి నీళ్లతో తిరిగేది. టికెట్ ఉంటుంది. దారి పల్లంలోకి దిగుతుంది, మెల్లగా నడిపించాలి.

అక్కడ మరమగ్గం ఆడించి చూపిస్తారు. చెవులు గింగురుమన్నాయి. మాంచెస్టర్ చుట్టుపక్కల లాంకషైర్ మిల్లుల్లో ఆ మోతకి పెదాల కదలిక చూసే మాట్లాడుకునేవారట. పూర్వం నాడె (మగ్గంలో అటూ ఇటూ పోతూ పేక దారం వేసే చెక్క) కంటిలోంచి దారాన్ని నోటితో పీల్చి లాగేవారని అక్కడి ఆవిడ చెప్పింది. మామగారు ఆ నాడె అడిగి పుచ్చుకుని, కన్ను బొటనవేలితో తడిమి, "మా అమ్మా ఇలాగే పీల్చేదమ్మా" అన్నారు. ఆ మాట ఆవిడకి ఇంగ్లీషులో చెప్పాను. ఇక అరగంట నాకు దుబాసీ పనే! కానీ మిల్లులో పనికి తెచ్చిన దిక్కులేని పిల్లల్ని ఉంచిన ఇల్లు చూశాక, మామగారు బస్సెక్కేదాకా పలకలేదు.

ఊళ్లో సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియానికి టికెట్ లేదు. 1830లో లివర్‌పూల్ రైలు మొదలైన స్టేషన్ అదే. జాన్ రైలాండ్స్ లైబ్రరీ కూడా ఉచితమే. నూలు వ్యాపారి పేర ఆయన భార్య కట్టించింది, 1900లో తెరిచారు. లోపల గుడిలో ఉన్నట్టుంటుంది.

పర్లాకిమిడి:
కెథడ్రల్ ముందు గాంధీగారి విగ్రహం ఉంది, 2019లో పెట్టారు. 1931లో ఆయన లాంకషైర్‌లోని డార్వెన్‌కి వెళ్లి మిల్లు కూలీలతో మాట్లాడారు. మన విదేశీ బట్ట బహిష్కరణ దెబ్బ తగిలినవాళ్లే ఆయన్ని ఆప్యాయంగా చూసుకున్నారు. ఈ సంగతి మీ నాన్నగారికి విగ్రహం దగ్గరే చెప్పమనండి.

బరంపురం అమ్మాయి:
అంతా చదివి వినిపించాను అక్కా. ఆ మిల్లు ఆవిడకి చూపించాలట, తన నాడె సంచిలో పెట్టమంటున్నారు. విమానంలో చేతిసంచిలో రానిస్తారా?

గుణుపురం కోడలు:
వద్దమ్మా, కొనలకి ఇనుముంటుంది కదా. చీరలో చుట్టి పెద్ద పెట్టెలో పెట్టు.