దేవుడు నిజంగానే పలికే లోకంలో చర్చి ఎలా కుళ్లుతుంది? (క్యాంపెయిన్ కోసం సాయం కావాలి)

పాచికల_పిచ్చోడు
అందరికీ నమస్తే. మా గ్యాంగ్ ఆడే పాచికల రోల్‌ప్లేయింగ్ ఆటకి డీఎంని, అంటే కథ నడిపేవాణ్ని, నేనే. కొత్త క్యాంపెయిన్ (కొన్ని సెషన్ల పాటు సాగే కథ) కోసం సొంతంగా ఒక మధ్యయుగపు రాజ్యం కడుతున్నాను: రాజు, ఆయన కింద ప్రభువులు, వాళ్ల కింద నైట్లు, అందరి కిందా ప్రభువు అనుమతి లేనిదే ఊరు వదలడానికి కూడా వీల్లేని రైతులు, ఇక వీళ్లందరి నెత్తి మీదా ఒక పెద్ద చర్చి. ఆ చర్చి లోపల కుళ్లిపోయి ఉండాలన్నది నా ప్లాన్. సరిగ్గా అక్కడే ఇరుక్కున్నాను. క్లెరిక్ (దేవుడి శక్తితో మంత్రాలు వేసే పాత్ర) ఆడే అమ్మాయి ఒక్క ప్రశ్నతో గాలి తీసేసింది. "మన ఆటలో దేవుళ్లు నిజం, ప్రార్థిస్తే గాయాలు మానుతున్నాయి, మరి లంచాలు తినే బిషప్‌కి దేవుడు శక్తి ఎందుకు ఇస్తున్నట్టు? ఆపేస్తే పోలా?" అంది. ఏం చెప్పాలో తోచలేదు. ఎర్రంగీ వేసుకుని చీకట్లో పకపకా నవ్వే బిషప్ విలన్ మాత్రం నాకొద్దు, వాణ్ని చూసి చూసి విసుగొచ్చింది. అసలు యూరప్‌లో ఈ వ్యవహారం ఎలా నడిచిందో తెలిసినవాళ్లు చెప్పండి. ఆటలో వాడుకునేవి చెప్తే ఇంకా సంతోషం.

కోటబురుజు
మీ ప్లేయర్‌కి ఒక లెవెల్ ఫ్రీగా ఇచ్చేయండి, ఎందుకంటే దాదాపు ఇదే ప్రశ్న మీద నాలుగో శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికా చర్చి రెండు ముక్కలైంది. 303లో డయోక్లీషియన్ చక్రవర్తి క్రైస్తవుల మీద పడ్డప్పుడు కొందరు గురువులు ప్రాణభయంతో లేఖనాల ప్రతుల్ని అధికారులకు అప్పగించేశారు. గొడవ సద్దుమణిగాక, అలాంటివాళ్ల చేత్తో జరిగిన అభిషేకాలు, బాప్తిస్మాలు చెల్లవని డొనాటిస్టులు అనే వర్గం పట్టుబట్టింది. దీనికి అక్కడి బిషప్ అగస్టీన్ చెప్పిన జవాబు ఏంటంటే, ఇచ్చేది క్రీస్తు, గురువు చెయ్యి మధ్యలో ఉంది అంతే, కాబట్టి ఆ చెయ్యి మురికిదైనా బాప్తిస్మం చెల్లుతుంది. చివరికి నిలిచింది ఆయన మాటే.

దీన్ని మీ లోకంలో పెట్టి చూడండి. దేవుడు శక్తి ఇచ్చింది మనిషికి కాదు, పదవికి. అభిషేకం సరిగ్గా జరిగిందా, మంత్రం పనిచేస్తుంది. ఇందులో నాకు నచ్చేది, ఆ రూలు పెట్టినవాళ్లది దురుద్దేశం కాకపోవడం. ఊళ్లో ఒక తల్లి తన బిడ్డ బాప్తిస్మం చెల్లిందో లేదో అని ఫాదర్ గుట్టుమట్లు ఆరా తీస్తూ కూర్చోకూడదు కదా. కానీ శక్తి పదవిలోనే ఉందంటే ఆ పదవి రేటు ఎక్కడికి పోతుందో మీరే ఊహించుకోండి. పాపంలో మునిగిన పెద్దలకు అసలు అధికారం ఎక్కడిదన్న ప్రశ్న వెయ్యేళ్ల తర్వాత ఇంగ్లండ్‌లో వైక్లిఫ్ అనే మతపండితుడి రాతల్లో మళ్లీ లేచింది. ఆయన్ని చదివిన చెక్ బోధకుడు యాన్ హుస్‌ని 1415లో కాన్‌స్టన్స్‌లో తగలబెట్టారు. మీ క్లెరిక్‌కి కథ దొరికేసింది చూడండి.

జస్ట్_గేమర్
ఇంత తల బద్దలు కొట్టుకోవడం ఎందుకు బ్రో, మన జమీందారుకి శిలువ తగిలించు, అయిపోద్ది

కోటబురుజు
అవ్వదు తమ్ముడూ. జమీందారు పోతే కొడుకు వస్తాడు. బిషప్‌కి పెళ్లి లేదు, చట్టప్రకారం వారసుడు లేడు, ఆయన పోతే ఆ కోటలు, ఊళ్లు, సైనికులు అన్నీ మళ్లీ ఖాళీ. అందుకే జర్మన్ రాజులు భూములు బిషప్పుల చేతిలో పెట్టడానికి ఇష్టపడ్డారు, తర్వాతివాణ్ని కూడా తామే వేసుకోవచ్చని. పోప్ ఏడో గ్రెగొరీ దీన్ని ఒప్పుకోలేదు, జర్మన్ రాజు నాలుగో హెన్రీని వెలివేశాడు. 1077 జనవరిలో ఆ రాజు కనోసా కోట ముందు మంచులో మూడు రోజులు క్షమాపణ కోసం నిలబడాల్సి వచ్చింది. ఆ తగువు 1122లో వోర్మ్స్ ఒప్పందంతో గానీ తేలలేదు. "బిషప్‌ని ఎవరు వేస్తారు" అన్న ఒక్క ప్రశ్న మీద ఒక క్యాంపెయిన్ మొత్తం లాగించొచ్చు.

అప్పులపద్దు
పదవి రేటు సంగతి నేను చెప్తా. బ్రాండెన్‌బర్గ్ ఆల్‌బ్రెక్ట్ అనే రాజకుమారుడు అప్పటికే మాగ్డెబర్గ్ ఆర్చిబిషప్, హాల్బెర్‌స్టాట్ బిషప్ పీఠం కూడా ఆయన చేతిలోనే ఉంది. 1514లో మైన్జ్ ఆర్చిబిషప్ పదవి కూడా కావాల్సొచ్చింది. బిషప్ కావాలంటే ముప్పై ఏళ్లు నిండాలి, ఈయనకి పాతిక కూడా లేవు. ఒకడికి ఇన్ని పీఠాలు ఉండకూడదు. రెండిటికీ రోమ్ నుంచి మినహాయింపు దొరుకుతుంది, డబ్బు కడితే. ఆయన ఆగ్స్‌బర్గ్‌లోని ఫుగ్గర్లు అనే వడ్డీవ్యాపారుల కుటుంబం దగ్గర అప్పు చేసి కట్టాడు. మరి అప్పు తీరేదెలా? పాపపరిహార పత్రాలు (పాపాలకు పడే శిక్ష తగ్గుతుందని చెప్పి అమ్మే కాగితాలు) అమ్ముకోమని పోప్ పదో లియో అనుమతి ఇచ్చాడు. వచ్చిన దాంట్లో సగం రోమ్‌లో సెయింట్ పీటర్స్ చర్చి కట్టడానికి, మిగతా సగం ఫుగ్గర్ల బాకీకి. టెట్జెల్ అనే సన్యాసి ఊరూరా తిరిగి అమ్ముతుంటే పక్కనే ఫుగ్గర్ల మనిషి పెట్టెలో పడే డబ్బు లెక్క చూసుకునేవాడు. 1517లో మార్టిన్ లూథర్ అనే జర్మన్ సన్యాసి ఎదురుతిరిగింది ఈ అమ్మకాల మీదే.

ఇందులో విలన్ ఎవరు చెప్పండి? చనిపోయిన తండ్రి ఆత్మ కోసం పత్రం కొన్న రైతుకి ఆ నాణెం సగం వడ్డీవ్యాపారికి పోతోందని తెలియదు. మీ ప్లేయర్లు తవ్వాల్సింది అదే. బిషప్‌ని పొడిచేస్తే ఏమీ ఆగదు, పత్రం, పెట్టె, పద్దు అన్నీ అలాగే ఉంటాయి.

రాత్రిడ్యూటీ
అందరూ పైపైనే తిరుగుతున్నారు, ఊళ్లోకి దిగండి. మధ్యయుగంలో చర్చి అంటే జనానికి ముందు భూస్వామి. పంటలో దశమభాగం (పదో వంతు) చర్చికి ఎటూ ఉంది, గొర్రెపిల్లలు, ఉన్నితో సహా. ఇంగ్లండ్‌లో చాలా చోట్ల రైతు చనిపోతే అతని పశువుల్లో మేలైనది ప్రభువు తోలుకుపోయేవాడు, రెండోది చర్చికి. ప్రభువు కూడా మఠమే అయిన ఊళ్లు ఉన్నాయి, అక్కడి సంగతి ఇక మీ ఊహకే.

ఇంగ్లండ్‌లోని సెయింట్ ఆల్బన్స్ మఠం చూడండి. అక్కడి జనం ధాన్యాన్ని మఠం మరలోనే ఆడించుకుని, పిండిలో వాటా ఇచ్చుకోవాలి. జనం ఇళ్లలో తిరగళ్లు పెట్టుకుని చాటుగా విసురుకునేవారు. 1330ల్లో మఠాధిపతి రిచర్డ్ ఆఫ్ వాలింగ్‌ఫర్డ్ ఆ తిరగళ్లన్నీ లాక్కుని, ఆ రాళ్లను మఠంలోని గదిలో నేలకి పరిపించాడు. అంటే మీరు అర్జీ పట్టుకుని వెళ్తే మీ అమ్మ తిరగలి మీద నిలబడే మాట్లాడాలి! 1381 రైతుల తిరుగుబాటులో జనం లోపలికి చొరబడి ఆ రాళ్లు పెకలించి, ముక్కలు చేసి, చర్చిలో రొట్టె పంచుకున్నట్టు పంచుకుని ఇళ్లకి పట్టుకెళ్లారు.

ఇంకోటి, ఈ రిచర్డ్ తిండిపోతు, తాగుబోతు టైపు కాదు. కమ్మరి కొడుకు. గొప్ప గణితవేత్త, నక్షత్రాల గతి చూపించే గడియారం తయారు చేయించాడు, కుష్ఠుతో బాధపడుతూనే అప్పుల్లో ఉన్న మఠాన్ని నిలబెట్టాడు. ఆయన దృష్టిలో తిరగళ్లు లాక్కోవడం దేవుడి ఆస్తిని కాపాడటం. ఇలాంటివాణ్ని పెట్టండి, టేబుల్ మీద గొడవ గ్యారంటీ.

మూలగది
ఒక్క అభ్యంతరం. అందరు ఫాదర్లనీ ఒకే గాటన కట్టొద్దు. చాలా ఊళ్లలో ధాన్యం మీద వచ్చే పెద్ద దశమభాగాన్ని దూరాన ఉన్న మఠం రాయించుకునేది, ఊళ్లో పూజ చేసే ఫాదర్‌కి మిగిలేది చిల్లర. అతను కూడా దాదాపు రైతే. 1381లో జనాన్ని లేపినవాళ్లలో జాన్ బాల్ కూడా ఒక ప్రీస్టే, ఆ జనమే లండన్‌లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ సైమన్ సడ్‌బరీ తల నరికారు. ఆర్చిబిషప్పే రాజు ఛాన్సలర్ (పెద్ద మంత్రి) కూడా, పోల్ టాక్స్ (తలపన్ను) కోపమంతా ఆయన మీదికి పోయింది.

మీ పార్టీలో (ప్లేయర్ల పాత్రల జట్టులో) దొంగ ఉంటే ఒక బోనస్: ఇంగ్లండ్‌లో మతాధికారులకు శిక్ష వేసే హక్కు చర్చి కోర్టుదే, అక్కడ ఉరి లేదు. పోనుపోను బైబిల్లోని కీర్తన చదవగలిగితే చాలు, మతాధికారి కిందే లెక్క అయిపోయింది. దొంగకి చదువొచ్చో రాదో ఇప్పుడే తేల్చుకోండి.

పాచికల_పిచ్చోడు
అన్నలూ, దండాలు. తిరగళ్ల నేల ఖాయం. మొదటి సెషన్‌లో ప్లేయర్లు ఆ గదిలోనే జీతం తీసుకుంటారు, కింద ఉన్నవేంటో ఎవరైనా అడిగితేనే చెప్తా. మంత్రం పదవిదే, మనిషిది కాదు, అదీ ఖాయం, మా క్లెరిక్ మండిపడుతుంది, పడనీ. @అప్పులపద్దు ఒక డౌట్: అప్పు చేసి పదవి కొన్న బిషప్ అది తీర్చకుండానే పోతే?

అప్పులపద్దు
కొత్త బిషప్ వస్తాడు, రోమ్‌కి మళ్లీ మొదటి నుంచి ఫీజు కట్టాలి. మైన్జ్‌లో జరిగింది అదే. 1504, 1508, 1514, పదేళ్లలో ముగ్గురు ఆర్చిబిషప్పులు పోయారు, ప్రతిసారీ కట్టీ కట్టీ ఖజానా ఖాళీ. ఆ ఫీజేదో నేనే కట్టుకుంటాను అన్నాడు కాబట్టే అక్కడివాళ్లు ఆల్‌బ్రెక్ట్‌ని ఎన్నుకున్నారు.