పెనాల్టీ పోగొట్టాక మళ్ళీ బంతి దగ్గరికి ఎట్లా వెళ్ళారు?

ఎడమకాలు_17 (తిరుపతి):
అన్నలూ, అక్కలూ, నేను ఇంటర్ సెకండియర్. పోయిన నెల అండర్ 19 ఫుట్‌బాల్ ఫైనల్ డ్రా అయి పెనాల్టీ షూటౌట్‌కి వెళ్ళింది. ఐదో కిక్ నాది. గోల్‌పోస్టు పై బారుకి తగిలి పైకి పోయింది. రాత్రి పడుకుంటే ఆ ‘టంగ్’మన్న చప్పుడు ఇప్పటికీ వినిపిస్తోంది. కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఎవడో తిరుమల మెట్ల దారిలో ఉన్న ఏడో మైలు ఆంజనేయస్వామి విగ్రహం పక్కన ఫుట్‌బాల్ పెట్టి, ‘బంతి దొరికింది, వచ్చి తీసుకెళ్ళగలరు’ అని మీమ్ చేశాడు. మూడు వారాలుగా ప్రాక్టీస్‌కి వెళ్తున్నానే గానీ, బంతి కాళ్ళ దగ్గరికి రాగానే వెనక్కి పాస్ ఇచ్చేస్తున్నా. గోల్ ఎదురుగా ఉన్నా అంతే. నాన్నేమో ‘పోనీలేరా, ఇంక ఈఏపీసెట్ చూసుకో’ అంటున్నారు. మీలో ఎవరికైనా ఇట్లా అయిందా?

గల్లీ_స్ట్రైకర్ (తిరుపతి):
ఆ మీమ్ నాకూ వచ్చింది తమ్ముడూ. నవ్వి, ఇద్దరికి ఫార్వర్డ్ కూడా చేశా. ఇప్పుడు సిగ్గుగా ఉంది.

గ్లోవ్స్_రెండు (చిత్తూరు):
నేను గోలీని, అంటే గోల్‌కీపర్‌ని. పదహారేళ్ళప్పుడు ఒక సెమీఫైనల్లో, చినుకులు పడుతున్నాయి, ఎవడో దూరం నుంచి దొర్లించిన బంతి నా కాళ్ళ మధ్యలోంచి లోపలికి పోయింది. మా పక్కింటి బుడ్డోడు కూడా ఆపే బంతి. ఆ తర్వాత ఏడు నెలలు గ్రౌండు మొహం చూడలేదు. సాయంత్రం మావాళ్ళు ఆడుతుంటారని ఆ రోడ్డు తప్పించి, చుట్టు తిరిగి ఇంటికి పోయేవాణ్ణి. ‘మర్చిపో’ అన్న ప్రతివాడూ దాన్ని ఇంకోసారి గుర్తు చేసి పోయినవాడే.

మామిడి సీజన్లో ఒకరోజు తోతాపురి లోడుతో పల్ప్ ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్ల క్యూలో కూర్చునుంటే, నా ఫ్రెండ్ వచ్చి ‘రేపు మా గోలీ రాడంట, ఊరికే నిలబడు చాలు’ అన్నాడు. ఓదార్పూ లేదు, ఉపన్యాసమూ లేదు. వెళ్ళి నిలబడ్డా. గట్టి షాట్లకి భయం వేయలేదు, అదే వింత. మెల్లగా దొర్లుకుంటూ వచ్చే బంతికే చేతులు వణికాయి. వాడు అది కనిపెట్టి, రోజూ ప్రాక్టీస్ అయ్యాక అలాంటివే ముప్పై వదిలేవాడు. ఒక మోకాలు నేల దగ్గరికి వంచడం, ఒళ్ళంతా బంతి వెనక పెట్టడం, చేతుల్లోకి తీసుకుని గుండెకి హత్తుకోవడం. ఇదే పని. రెండు వారాలకి విసుగు పుట్టింది. ‘ఇంక చాలురా బాబూ’ అన్నాక గానీ నాకు తట్టలేదు, వణుకు ఎప్పుడో పోయిందని.

నువ్వు ప్రాక్టీస్‌లో షాట్ కొట్టకుండా తప్పించుకుంటున్నంత కాలం ఆ చప్పుడు పోదు తమ్ముడూ.

రిటైర్డ్_పీడీ (తిరుపతి):
బాబూ, ఇందులో మా కోచ్‌ల తప్పూ ఉంది. కిక్‌లు ప్రాక్టీస్ చేయిస్తాం గానీ, పోతే ఏం చేయాలో చెప్పం. 1994 వరల్డ్ కప్ ఫైనల్లో ఇటలీ ఆఖరి కిక్ బారు మీదుగా కొట్టింది రాబర్టో బాజియో. ఆ జట్టును ఫైనల్ దాకా లాక్కొచ్చిందీ ఆయనే. 1998లో చిలీతో మ్యాచ్ చివర్లో ఇటలీకి పెనాల్టీ వస్తే మళ్ళీ ఆయనే కొట్టాడు, గోల్ అయింది. మధ్యలో నాలుగేళ్ళు గడిచాయి. నీకు మూడు వారాలే అయింది, తొందరపడకు.

ఇంకొకటి. గైర్ యోర్డెట్ అనే నార్వే పరిశోధకుడు షూటౌట్‌ల వీడియోలు చూసి తేల్చిన సంగతి: విజిల్ పడీ పడగానే పరిగెత్తి కొట్టేసేవాళ్ళు ఎక్కువగా తప్పుతున్నారు. టెన్షన్‌లో ఉన్నవాడికి ‘ఎట్లాగో అయిపోతే చాలు’ అనిపిస్తుంది మరి. నువ్వు విజిల్ విన్నాక ఎంతసేపు ఆగావు? ఇకనుంచి బంతి నువ్వే పెట్టు, వెనక్కి నడు, విజిల్ విని ఒక ఊపిరి వదిలాక అప్పుడు కదులు.

మా జట్టులో ఒక రూలు ఉండేది. షూటౌట్‌లో మిగతావాళ్ళు సెంటర్ సర్కిల్ దాటకూడదు కదా, అందుకని కిక్ పోయినవాడు తిరిగి వస్తుంటే అందరూ ఆ గీత అంచుదాకా వచ్చి నిలబడాలి.

ఎడమకాలు_17:
విజిల్ విన్నట్టే గుర్తు లేదు సార్. తిరిగి వస్తుంటే మావాళ్ళంతా నేల చూపులు చూస్తున్నారు. కిక్ కంటే ఆ నడకే ఎక్కువ గుర్తొస్తోంది.

మోకాలు_కథ (తిరుపతి):
నాది వేరే దెబ్బ. మోకాల్లో ఏసీఎల్ అనే లిగమెంట్ తెగింది, ఆపరేషన్ అయింది. తొమ్మిది నెలలు నిండకుండా మ్యాచ్ ఆడొద్దన్నారు. ఇంట్లో చుట్టాలు ‘ఆడపిల్ల కాలు పాడు చేసుకుంది, రేపు పెళ్ళెట్లా’ అని మొదలుపెట్టారు. వాళ్ళకి కాఫీ ఇచ్చేది కూడా నేనే, కుంటుకుంటూ! ఎనిమిదో నెలలో ఫిజియోని అడిగి శ్రీవారి మెట్టు ఎక్కాను. 2,388 మెట్లు. దిగేటప్పుడు మోకాలికి బరువు ఎక్కువని బస్సులో వచ్చేశా. కాలు పనికొస్తుందని ఆ రోజు నమ్మకం కలిగింది. కానీ గ్రౌండులో మొదటి ట్యాకిల్‌కి మాత్రం కళ్ళు మూసుకున్నా. ఒంటికి ధైర్యం వచ్చాక చాలా రోజులకి గానీ మనసుకి రాలేదు.

గల్లీ_స్ట్రైకర్:
ఇంగ్లండ్ ఆటగాడు సాకాని చూడు తమ్ముడూ. 2021లో యూరో ఫైనల్లో ఆఖరి పెనాల్టీ పోయింది, అప్పటికి పంతొమ్మిదేళ్ళు. సోషల్ మీడియాలో జాతి పేరు పెట్టి తిట్టారు. 2024 యూరో క్వార్టర్స్‌లో స్విట్జర్లాండ్ మీద షూటౌట్‌లో మళ్ళీ కొట్టి గోల్ చేశాడు.

మోకాలు_కథ:
సాకా వెనక ఆర్సెనల్ లాంటి పెద్ద క్లబ్ ఉంది అన్నా. వీడి వెనక మీమ్ ఫార్వర్డ్ చేసే మనం ఉన్నాం.

గల్లీ_స్ట్రైకర్:
😶

స్కూటీ_అమ్మ (చిత్తూరు):
నేను ఆడను, మా అబ్బాయి ఆడతాడు. ఓడిన రోజు స్కూటీ మీద ఇల్లు చేరేదాకా ధైర్యం చెప్పేదాన్ని. ఒకసారి వెనకనుంచి ‘అమ్మా, కాసేపు మాట్లాడకుండా ఉంటావా, ఇడ్లీ తినిపోదాం’ అన్నాడు. అప్పట్నుంచి నోరు కట్టేసుకున్నా. ఇడ్లీ అయ్యాక వాడే చెప్తాడు. నాయనా, మీ నాన్నకి కూడా ఏం మాట్లాడాలో తెలియక ఈఏపీసెట్ అంటున్నారేమో. ఆ చప్పుడు సంగతి ఆయనకి చెప్పావా?

ఎడమకాలు_17:
లేదమ్మా. చెప్పలేదు.

రిటైర్డ్_పీడీ:
చెప్పు. ఇంకో మాట, నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం ఇట్లాగే సాగితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి, 14416కి ఫోన్ చెయ్యి. డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు. కండరం పట్టేస్తే ఫిజియో దగ్గరికి పోమా?

గ్లోవ్స్_రెండు:
ఆదివారం పొద్దున మొదటి బస్సుకి తిరుపతి వస్తా. యూనివర్సిటీ గ్రౌండులో గోల్‌లో నేను నిలబడతా, నువ్వు కొట్టు. ఆపకుండా వదిలేస్తానని మాత్రం అనుకోవద్దు.

ఎడమకాలు_17 (ఆదివారం రాత్రి):
ఇరవై కొట్టా. అన్న ఏడు ఆపాడు. రెండు బయటికి పోయాయి. ఒకటి మళ్ళీ బారుకే తగిలింది, అదే ‘టంగ్’. నేను అట్లాగే నిలబడిపోయా. అన్న గోల్‌లోంచి ‘ఇంకోటి పెట్టు, ఎండ ఎక్కుతోంది’ అని అరిచాడు. పెట్టా. నిన్న రాత్రే చెప్పడంతో నాన్న కూడా వచ్చి చెట్టుకింద నిలబడ్డారు, ఒక్క మాట మాట్లాడలేదు. బయటికి పోయిన బంతులు ఏరుకొచ్చింది గల్లీ_స్ట్రైకర్ అన్న.

గల్లీ_స్ట్రైకర్:
ఒకటి ముళ్ళకంపలో పడింది. ఏడో మైలే నయం.