అప్‌డేట్: హోబీ 16 ఫ్రేమ్ ఊగడం ఆగింది

భవానీ ద్వీపం దగ్గర గాలి విసురు తగలగానే మా హోబీ 16 (జంట డొల్లల తెరచాప పడవ) హల్స్, అంటే నీటిపై తేలే ఆ డొల్లలు, రెండూ చెరోవైపు మెలి తిరుగుతున్నాయి, ఎలా బిగించాలని ఇదివరకు అడిగాను. మీరు చెప్పినట్టే లోపం హల్స్‌లో లేదు, ఫ్రేమ్ పైపులను మూలల్లో కలిపే కాస్టింగుల్లో (పోత లోహపు ముక్కల్లో) ఉంది. ఒక హల్ ముక్కు పైకెత్తితే రెండోది ఆలస్యంగా లేచేది.

ట్రాంపొలిన్ (ఫ్రేమ్ మధ్య బిగించే, మనం కూర్చునే గుడ్డ) తీసి, రివెట్లు డ్రిల్ చేసి, పైపుల చివర్లను 80 నంబరు గరుకు కాగితంతో రుద్ది అసిటోన్‌తో తుడిచాం. సిలికా పొడి కలిపి వెన్నలా చిక్కబడ్డ ఎపాక్సీ జిగురు పట్టించి పైపులను మళ్లీ కాస్టింగుల్లోకి దిగ్గొట్టాం. హల్స్ నుంచి పైకి లేచి కాస్టింగుల్లో దూరే పైలాన్లకు (నిలువు కాళ్లకు) మాత్రం ముందు మైనం రాయాలి, లేకపోతే ఫ్రేమ్ ఇక ఊడిరాదు. ఎపాక్సీ గట్టిపడకముందే ఫ్రేమ్ రెండు కర్ణాలూ (మూల నుంచి ఎదురు మూలకు) కొలిచి సమానం చేయాలి. వంకర అలాగే బిగిస్తే జన్మలో సరిచేయలేం. బెజవాడ ఎండకు ఎపాక్సీ గిన్నెలోనే పొగలు కక్కి గడ్డకడుతుంది, తెల్లవారుజామున కొంచెం కొంచెంగా కలుపుకోండి.

స్టీలు రివెట్లు అల్యూమినియాన్ని తినకుండా డ్యూరాలాక్ (తుప్పు ఆపే పేస్టు) పూశాం. సాగని డైనీమా తాడుతో ట్రాంపొలిన్ బిగించాం.

ఇప్పుడు రెండు ముక్కులూ ఒకేసారి లేస్తున్నాయి. గాలి విసురుకు పడవ మెలికపడకుండా ముందుకు దూకుతోంది. చుక్కాని పిన్నుల వదులు ఇంకా మిగిలింది, బుషింగులు (పిన్ను చుట్టూ ఉండే చిన్న గొట్టాలు) మార్చాలి.