ఏప్రిల్‌లో డెలావేర్ నది మీదికి కొత్తవారిని తీసుకెళ్లవచ్చా?

రేవుపెద్ద:
మన న్యూజెర్సీ బృందం ఏటా జూలైలో డెలావేర్ నదికి వెళ్తుంది. ఈసారి ఏప్రిల్ మూడో శనివారమే వెళ్దామని కొందరు పట్టుబడుతున్నారు. పెన్సిల్వేనియా ఒడ్డున ఉన్న డింగ్‌మన్స్ ఫెర్రీ దగ్గర పడవలు దింపి బుష్‌కిల్ దాకా, సుమారు 10 మైళ్లు. 14 మంది పేర్లిచ్చారు. ఇద్దరేసి కూర్చునే తెడ్డు పడవలు (కానూలు) 5, ఒక్కరే కూర్చునేవి (కాయక్‌లు) 4 కావాలి. ఎనిమిది మందికి తెడ్డు పట్టడం ఇదే మొదటిసారి. ఆ రోజు గాలి 73 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుందని అంచనా, నీరు మాత్రం 48. నాకు ఎటూ తేలడం లేదు. మొహమాటం లేకుండా చెప్పండి.

వసంతవిహారి:
ఇందులో తేలనిది ఏముంది? వెళ్లాల్సిందే. పోయిన జూలైలో మనం చూసిందేమిటి? మోకాలి లోతు నీరు. కానూ అడుగు రాళ్లకు గీసుకుంటుంటే సగం దారి దిగి లాక్కుంటూ నడిచాం. చుట్టూ ట్యూబుల మీద తేలే జనం, వాళ్ల పాటల మోత. ఏప్రిల్‌లో అయితే క్యాట్‌స్కిల్ కొండల మంచు కరిగి నది నిండుగా ఉంటుంది, తెడ్డు వేయకపోయినా పడవ సాగుతుంది. చెట్లకు ఇంకా ఆకు రాదు కాబట్టి కొమ్మల మీద తెల్లతల గద్దలు స్పష్టంగా కనిపిస్తాయి. చలి అంటారా, గాలి, నీటి ఉష్ణోగ్రతలు కలిపి 120 దాటితే ఫరవాలేదని పడవలు నడిపేవాళ్లు చెప్పే లెక్క ఒకటి ఉంది. 73, 48 కలిస్తే 121.

చన్నీళ్లు:
విహారి గారూ, ఆ 120 లెక్కను నమ్మకండి. నీటిలో పడ్డవాడికి గాలి ఎంత వెచ్చగా ఉంటే ఏం లాభం? వాడి ఒంటికి తగిలేది 48 డిగ్రీల నీరే. మీ లెక్కే నిజమైతే 85 డిగ్రీల ఎండ కాసిన రోజున 36 డిగ్రీల నీటిలో దూకినా ఫరవాలేదనాలి. 32 దగ్గర నీరు గడ్డకడుతుంది! అసలు ప్రమాదం ఆ మంచి ఎండలోనే ఉంది. అది చూసే జనం టీషర్టుతో వచ్చి పడవ ఎక్కుతారు.

చల్లటి నీటి గురించి కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చెప్పే 1-10-1 సూత్రం గుర్తుంచుకోండి. పడ్డాక ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం. చేతులూ కాళ్లూ చెప్పిన మాట వినేది సుమారు పది నిమిషాలు. ఒళ్లు చల్లబడి స్పృహ తప్పడానికి ఇంచుమించు గంట. అందరూ ఆ గంట గురించే భయపడతారు. నాకు భయం ఆ మొదటి నిమిషమంటే. చల్లటి నీరు తగలగానే మనిషి తన ప్రమేయం లేకుండానే పెద్దగా గుక్క తీసుకుంటాడు. ఆ క్షణాన తల నీటిలో ఉంటే లోపలికి పోయేది గాలి కాదు.

మూడేళ్ల కిందట మే మొదటి వారంలో నేనే పడ్డాను. నేను చిన్నప్పటి నుంచి ఈతగాణ్ణి. ఆ రోజు ఈత సంగతి అటుంచి, ఊపిరే అందలేదు. లైఫ్ జాకెట్ పైకి లేపింది కాబట్టి ఇప్పుడిలా వాదిస్తున్నాను. ఒడ్డుకు చేరాక కారు తలుపు కూడా తీయలేకపోయాను, వేళ్లు కొయ్యబారిపోయాయి. మా ఆవిడ తీసింది.

వసంతవిహారి:
లైఫ్ జాకెట్ వద్దని ఎవరన్నారు? పెన్సిల్వేనియా నియమం ప్రకారం నవంబరు 1 నుంచి ఏప్రిల్ 30 దాకా కానూ, కాయక్ ఎక్కినవారు దాన్ని ఒంటి మీద వేసుకునే ఉండాలి. ఒడ్డున చక్కగా మడిచిపెట్టుకునే వీలే లేదు. ఇక వేసవి క్షేమమని మీరెలా అంటారు? ఎండాకాలంలో జాకెట్ లేకుండా ఈ నదిని ఈదబోయి మునిగినవారు లేరా? చిన్నప్పుడు గోదావరిలో ఏ జాకెట్టూ లేకుండా ఈదిన మనకు ఇంత పిరికితనమా?

చన్నీళ్లు:
వేసవి మాట ఒప్పుకుంటాను. నీరు వెచ్చగా ఉన్నా ప్రవాహం ప్రవాహమే. జూలైలో మనవాళ్లు జాకెట్లు విప్పి కూర్చోవడం నాకూ నచ్చలేదు, అప్పుడే గట్టిగా అనాల్సింది.

లంకపిల్ల:
గోదావరి పేరెత్తారు కాబట్టి నేనూ ఒక మాట అంటాను. మాది లంక గ్రామం. మా తాతయ్య పడవ వేసేవారు. నీరు ఎర్రబడిందంటే రేవులో ఎంత బతిమాలినా కొత్తవాళ్లను ఎక్కించుకునేవారు కాదు. ఆయన్ను ఎవరూ పిరికివాడనలేదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పాపికొండల పడవ మునిగింది కూడా వరద గోదావరిలోనే. పైగా మనం ఈదిన గోదావరి గోరువెచ్చటిది. ఆ ఈత ఇక్కడికి అచ్చంగా పనికొస్తుందనుకోవడమే పొరపాటు.

ఇంకో సంగతి. ఏప్రిల్‌లో డెలావేర్‌కు సముద్రం నుంచి షాడ్ చేపలు ఎదురీదుకుంటూ వస్తాయి. మన పులసకు దగ్గరి చుట్టాలు, ముళ్ల విషయంలో కూడా. వాటి కోసం నదిలో దిగే ఇక్కడివాళ్లను గమనించండి. నడుం లోతు నీటిలో నిలబడటానికే చంకల దాకా రబ్బరు దుస్తులు తొడుక్కుంటారు. మనం టీషర్టుల్లో పులిహోర డబ్బాలతో బయలుదేరుతున్నాం.

వసంతవిహారి:
పులిహోర నా ఆలోచన కాదు.

వెనకపడవ:
నేను ప్రతిసారీ అందరికన్నా వెనుక ఉండి జారిపోయినవాళ్లను ఏరుకొచ్చేవాణ్ణి. కాబట్టి నాది పని లెక్క. జూలైలో కానూ బోల్తా పడితే లేచి నిలబడి నవ్వుకుంటాం. ఏప్రిల్‌లో అదే చోట కాలు అందదు. నీళ్లు నిండిన కానూ అర టన్నుకు తక్కువ తూగదు. దానికి దిగువన ఉన్న మనిషి, దానికీ రాయికీ మధ్య ఇరుక్కుంటాడు. నీరు పెరిగినప్పుడు ఒడ్డున కూలిన చెట్లు మరీ ప్రమాదం. కొమ్మల సందుల్లోంచి నీరు పోతుంది, మనిషి పోడు. జల్లెడలో పిప్పిలా అక్కడే ఉండిపోతాడు. తెడ్డు తిప్పడం వచ్చినవాడు దూరం నుంచే చూసి తప్పుకుంటాడు, కొత్తవాడు భయంతో దాని వైపే చూస్తూ దాని మీదికే వెళ్తాడు.

ఆరుగురు అనుభవజ్ఞులం ఎనిమిది మందిని చూసుకోవాలి. ఒక పడవ తిరగబడితే సర్దుకోగలం. ఒకేసారి రెండు తిరగబడితే ఎవరి వెనక వెళ్లాలో నేను తేల్చుకోలేను. ఆ పది నిమిషాలూ నా తర్జనభర్జనకే సరిపోతాయి.

చన్నీళ్లు:
నేను చెప్పలేకపోయింది ఇదే.

వసంతవిహారి:
సరే, కొత్తవాళ్ల విషయంలో తగ్గుతాను. కానీ నదికే వెళ్లొద్దంటే మాత్రం ఊరుకోను. పన్నెండేళ్లుగా తెడ్డు వేస్తున్నవాణ్ణి జూలై దాకా ఒడ్డున కూర్చోమంటే ఎలా?

వెనకపడవ:
మిమ్మల్ని ఎవరూ కూర్చోమనలేదు. ఏప్రిల్‌లో ఆరుగురమే వెళ్దాం. వెట్‌సూట్, అంటే చల్లటి నీటిలో ఒంటి వేడి నిలిపే బిగుతు రబ్బరు దుస్తులు, లేనిదే నేను ఎవరినీ నీటిలోకి దిగనివ్వను. నీళ్లు చొరబడని సంచిలో పొడి బట్టలు ఒక జత, ఫ్లాస్కులో టీ. ముందు రోజు రాత్రి ఎగువన ఉన్న మాంటేగ్ దగ్గరి నీటిమట్టం చూసి, పెరుగుతుంటే ఫోన్లు చేసి రద్దు చేస్తాను. కొత్తవారిని జూన్ రెండో వారంలో తీసుకెళ్దాం. అప్పటికి కాస్త నీరూ ఉంటుంది, కాస్త వెచ్చదనమూ ఉంటుంది.

రేవుపెద్ద:
నాకు ఇది నచ్చింది. ఆ ఎనిమిది మందికీ ఈ రాత్రే కబురు పెడతాను. ఇద్దరు అలుగుతారు, తెలుసు. ఏప్రిల్ ఆరుగురూ వెట్‌సూట్ ఉందో లేదో ఇక్కడే చెప్పండి.

చన్నీళ్లు:
ఉంది.

లంకపిల్ల:
ఉంది. మా ఆయనకు కూడా.

వసంతవిహారి:
నా దగ్గర లేదు. ఎక్కడైనా అద్దెకు ఇస్తారా?